రాగి డబ్బాలో బంతిపువ్వు

నా చిన్నప్పుడు మేఘాలు మా ఇంటి వసారాలోకే వచ్చేవి. వినడానికి బాగుంటుంది గానీ, ఆ కొండమీది ఊళ్లో ఉతికిన బట్ట నాలుగు రోజులకీ ఆరేది కాదు, అగ్గిపుల్ల ఒక పట్టాన వెలిగేది కాదు. మొత్తం పాతిక గడపలు. మా నాన్నగారు అక్కడి కాఫీ తోటలో గుమాస్తా. వాన కొలిచే రాగి డబ్బా మీది గరాటు తీసి, లోపలి పాత్రలో నీళ్లు కొలిచి, పారబోసి, రిజిస్టర్లో రాయడం రోజూ పొద్దున్నే నా పని. అంకె పెద్దదైతే కాఫీ నారుమడుల చుట్టూ కాలువలు తవ్వించేవారు.

డబ్బా గుట్ట మీద ఉండేది. దారంతా జలగలు. విసుగొచ్చి మూడు రోజులు గొంగడిలోంచి కదల్లేదు. కిటికీలోంచి చూసి రెండు, మూడు, రెండు అని తోచింది రాసేశాను.

నాలుగో రోజు, నారుమడులు చూసుకునే పక్కింటి అక్క మోకాళ్లదాకా బురదతో వచ్చింది.

"బాబూ, నిన్నా మొన్నా ఆ డబ్బాలో ఏటి చూసావు?"

"వాననీళ్లు."

"మరేటీ నేదా?"

"ఇంకేముంటుంది?"

చెయ్యి పట్టుకుని గుట్ట ఎక్కించి గరాటు తీసింది. పాత్ర నిండా నీళ్లు, పైన కుళ్లిన బంతిపువ్వు. మడుల్లో నీళ్లు నిలుస్తున్నా రిజిస్టర్లో రెండే ఉండటం చూసి, మొదటిరోజే అనుమానంతో ఆ పువ్వు వేసిందట. రుజువు లేకుండా గుమాస్తా కొడుకుని అనలేక, ఈ లోపు ఒక్కతే ఇనప తట్టతో నీళ్లు తోడుకుంది.

"చూణ్ణేదని రాయొచ్చుగదా బాబూ. నా మొక్కలు నీ అంకెల్ని నమ్మీసాయి."

సగం నారు కుళ్లిపోయింది. నాన్నగారు తిట్టలేదు. మూడు అంకెలూ కొట్టేయించి, పక్కన 'చూడలేదు' అని మూడుసార్లు రాయించారు. ఆ పేజీ చింపేస్తానని ఏడ్చినా ఒప్పుకోలేదు. అది అలాగే యజమానికి వెళ్లింది.

ఇప్పుడు అమీర్‌పేటలో మా డాబా మీదా అలాంటి డబ్బా ఉంది; రోజూ కొలిచి డైరీలో రాస్తాను. కింది వాటా ఆయనకు అదొక వేళాకోళం. ఓసారి ఫోన్ చూసి జోరువాన అన్నాడు. డాబా పొడిగా ఉందంటే వినడు. పోయిన వారం మోకాలు పట్టేసి రెండు రోజులు మెట్లెక్కలేకపోయాను.

"ఏంది సార్, ఫోన్ల ఉన్నది రాసెయ్యుర్రి. ఎవలు సూస్తరు?" అన్నాడు.

ఒళ్లు మండింది, ఆయన మీదా నా మోకాలి మీదా. డైరీ తీసి రెండు తేదీల కిందా 'చూడలేదు' అని రాశాను. ఇన్నేళ్లొచ్చినా ఆ మాట రాసేటప్పుడు నీళ్లలో తేలిన ఆ పువ్వే కనబడుతుంది. తలవంచుకునే రాస్తాను.