ఒక కనుబొమ్మ పూర్తయ్యాక

తిరుత్తణిలో వెంట్రుకల పంపకం ఏనాడో తేలిపోయింది. తల మీదివి కొండ మీది మురుగనికి, కళ్ళ మీదివి కాంచనకు. మురుగని దగ్గరికి మొక్కు ఉంటేనే వస్తారు. కాంచన దగ్గరికి పెళ్ళికీ, పేరంటానికీ, కంపెనీ ఇంటర్వ్యూకీ, ఏమీ తోచని ఆదివారానికీ వస్తారు. అయితే కొండ మీద ఆయనకు ఇద్దరు భార్యలు తోడున్నారు. కొండ కింద కాంచనకు ఎవరూ లేరు. భర్త ఊత్తుకోటలో క్షేమంగానే ఉన్నాడు. ఆయన క్షేమం కనిపెట్టుకుని అక్కడ ఇంకొకావిడ ఉంది.

ముందు గదిలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, గోడకు అద్దం, పౌడరు డబ్బా, తెల్ల నూలు ఉండ. బోర్డు లేదు. త్రెడ్డింగక్క ఇల్లంటే ఆటోవాళ్ళు కూడా గుమ్మం ముందు దింపుతారు.

దారంతో కనుబొమ్మలు దిద్దే ఈ విద్యకు ఒక నియమం ఉంది. దారం ఒక కొసను పళ్ళ మధ్య కరిచి పట్టాలి. మిగతాది రెండు చేతుల వేళ్ళకు మెలేసి కత్తెరలా ఆడించాలి. కుర్చీలో కూర్చున్న మనిషి ఒక చేత్తో నుదుటిని పైకి, ఇంకో చేత్తో రెప్పను కిందికి లాగి పట్టుకుని కళ్ళు మూసుకోవాలి. అంటే ఇద్దరిలో ఒకరు చూడలేరు, ఒకరు మాట్లాడలేరు. చూడలేనివాళ్ళు మాట్లాడతారు. కళ్ళు మూసుకున్న మనిషి ఎంత దూరం మాట్లాడగలదో కాంచనకు తెలిసినంతగా కొండ మీది స్వామికి కూడా తెలియదు. ఆయన దగ్గర గుంపెక్కువ, తీరిక తక్కువ.

కాంచన మాత్రం "ఊఁ" అంటుంది. దారం జారకుండా అనగలిగిన అక్షరం అదొక్కటే.

పని ముగిశాక వాళ్ళు అద్దం చూసుకుంటారు. అద్దం చూసుకున్నాక వెళ్ళిపోతారు. వీధిలో ఏ కాపురం ఎక్కడ పిగిలిందో, ఎక్కడ కుట్లు వేశారో ఆమెకు తెలుసు. ఆమె సంగతి వీధికి తెలియదు. వీధి అడగలేదని కాదు, అడిగినప్పుడల్లా ఆమె నోట్లో దారం ఉంది.

ఇలా ఉండగా కాంచన కుడి కంట్లో పొర మొలిచింది. మొదట వెంట్రుకకు పక్కన ఇంకో వెంట్రుక కనిపించేది. తర్వాత అసలు వెంట్రుకే అనుమానంలో పడింది. తిరువళ్ళూరులో కంటి డాక్టరమ్మ చూసి, ఆపరేషను చిన్నదేనని, బుధవారం రమ్మని చెప్పింది.

"కూడా ఒక మనిషి ఉండాలి. ఒంటరిగా వస్తే చెయ్యం" అని కూడా చెప్పింది.

ఆపరేషను మాటకు కాంచన బెదరలేదు. మనిషి మాటకు చెమట పట్టింది. తిరునిన్రవూరులో ఉన్న పిన్నమ్మ కూతురికి ఫోన్ చేసింది. బుధవారం తమ ఇంట్లో గణపతి హోమమని ఆమె చెప్పింది. ఆ హోమాన్ని ఆమె ఫోన్‌లోనే, మాటకూ మాటకూ మధ్య, నిర్ణయించుకున్నట్టు కాంచనకు స్పష్టంగా వినిపించింది. ఇక మిగిలింది వీధి. ఎవరినో ఒకరిని అడగాలి. అడగకపోతే కన్ను పోతుంది, కన్నుతో పాటు నాలుగు మాటలు వినిపించే ఆ కుర్చీ కూడా పోతుంది.

ఆదివారం యువరాణి అనే అమ్మాయి వచ్చింది. పని కాగానే అద్దంలో తనను తాను మెచ్చుకుంటూ, కాంచన నోరు తెరిచేలోగా చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. ఆ తర్వాత వచ్చిన కాలేజీ పిల్ల ఫోన్‌లో మాట్లాడుతూ వచ్చి, మాట్లాడుతూనే వెళ్ళింది. సాయంత్రానికి రంజిత వచ్చింది. నాలుగిళ్ళ అవతల ఉంటుంది, అరక్కోణంలో ఆఫీసు ఉద్యోగం. కూర్చుంటూనే కళ్ళు మూసుకుని అత్తగారిని తెరిచింది.

"మా అత్తమ్మ లేదాక్కా, నిన్న నేను దించిన సాంబారును మళ్ళీ పొయ్యి మీదికెక్కించి ఇంత ఉప్పేసింది. ఏందత్తమ్మా అంటే, నీకు ఉప్పు చెయ్యి లేదంటాది. చెయ్యి లేకుండా ఇన్నేండ్లు ఎట్ల తిన్నారో!"

"ఊఁ."

"రాత్రి వంటింట్లో చప్పుడైతే పిల్లి అనుకున్నా. చూస్తే ఆమె. బియ్యం డబ్బాలో మురుకులు దాచిపెడతాది. మేమేమన్నా వద్దంటిమా?"

"ఊఁ."

ఎడమ కనుబొమ్మ పూర్తయింది. కుడిదానికి దారం ఆనించబోతూ కాంచన ఆగింది. దారం నోట్లోంచి తీసింది.

"రంజితా."

రంజిత ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఆ కుర్చీ దగ్గర ఆమెకు జవాబు రావడం అదే మొదలు. "ఏమైంది? తెగిందా?"

"లేదు. బుధవారం నాతో తిరువళ్ళూరు వస్తావా? కంటికి ఆపరేషను. కూడా ఒక మనిషుండాలంట."

రంజిత అద్దంలోకి చూసింది. ఒక కనుబొమ్మ అమ్మవారి చేతి విల్లులా ఉంది. ఇంకొకటి పూండి చెరువుగట్టు మీది పొదలా ఉంది. ఆ స్థితిలో ఏ ఆడమనిషీ లేచి వీధిలోకి పోలేదు. కాంచన ఇది కావాలని చేసింది కాదు. అయినా బెదిరింపుకు ఉండవలసిన లక్షణాలన్నీ అందులో ఉన్నాయి.

"అయ్యో పావం! ఏ కన్నుక్కా?"

"కుడిది."

"ఇప్పుడు నాకు చేసింది ఏ కంటితో?"

"రెండిటితోనూ."

రంజిత అద్దానికి ఇంకా దగ్గరగా వంగి, ఎడమ కనుబొమ్మను పరీక్షించి, ఊపిరి పీల్చుకుంది. "బుధవారం ఆఫీసులో ఇన్‌స్పెక్షనక్కా. నువ్వు ముందు ఇది ముగించు. ఆలోచిస్తా."

దారం మళ్ళీ పళ్ళ మధ్యకు వెళ్ళింది. రంజిత కళ్ళు మూసుకుని పైకే ఆలోచించింది. "సెలవడిగితే మేనేజరు మొగం చిట్లిస్తాడు. మా ఆయన్ని పంపిస్తే నలుగురూ నాలుగు మాటలంటారు. ఇంట్లో ఇంకెవరుండారు... అత్తమ్మ ఉండాదే! నా సాంబారు చూసే బదులు ఒక దినం నీ కన్ను చూసుకోనీ. నాకూ ఒక పూట నిమ్మళం. సరేనాక్కా?"

కాంచన అనగలిగింది ఒక్కటే. "ఊఁ" అంది. ఒప్పందం కుదిరిపోయింది.

బుధవారం రంజిత అత్తగారు వజ్రమ్మ గొడుగుతో, పెరుగన్నం సంచితో స్టేషనుకు కాంచన కంటే ముందే వచ్చింది. లోకల్ బండిలో కిటికీ పక్క సీటు పట్టి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాంచన పక్కన కూర్చుని ఏదైనా మాట్లాడాలని చూసింది. పక్కనున్న మనిషి మురుకులు ఎక్కడ దాస్తుందో, నిద్రలో ఎవరిని పిలుస్తుందో కూడా తెలిసినప్పుడు మాట మొదలుపెట్టడం మహా కష్టం. అడగడానికి ఏమీ మిగలదు. తిరువళ్ళూరు దాకా ఇద్దరూ కిటికీలోంచే చూశారు.

ఆస్పత్రిలో నర్సు కాంచన కంట్లో చుక్కలు వేసి, వజ్రమ్మను అరవంలో పేషెంటు పేరు అడిగింది.

"త్రెడ్డింగక్క" అంది వజ్రమ్మ.

నర్సు చేతిలో పెన్ను ఆగింది. వజ్రమ్మ కాంచన వైపు తిరిగింది. "ఏమే, నీకు పేరుందా?"

"కాంచన."

"బాగానే ఉండాదే! ఇంతకాలం ఎవరికీ చెప్పకుండా దాచినావేం?"

"అడిగితే కదా, పెద్దమ్మా."

పిలిచేదాకా కూర్చోమని నర్సు బెంచీ చూపించింది. కాసేపటికి వజ్రమ్మ గొంతు తగ్గించింది. "ఇదో చూడు, నేనొచ్చింది నీ కన్ను కోసరం కాదు. అబద్ధమెందుకు? నా కోడలు నీ దగ్గర కూచోని నా గురించి ఏం చెప్తాది?"

"ఏముంది పెద్దమ్మా, ఊరికే..."

"ఊరికే గంటసేపు చెప్తాదా? ఆ ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరు. నా గురించి నీ దగ్గరే మాట్లాడతారు. అదన్నా వినిపించు. చెప్పలేదనుకో, నేను వచ్చే బండికి పోతా. నీ ఆపరేషను నువ్వే చేసుకో."

కాంచన నోరు ఖాళీగా ఉంది. ఎదురుగా ఒక మనిషి ఆమె మాట కోసం కాచుకుని ఉంది. ఆమె జీవితంలో ఇలాంటి సందర్భం వస్తుందని ఎవరూ అనుకోలేదు, ఆమె అసలే అనుకోలేదు. తీరా వచ్చాక, అడిగింది ఆమె సంగతి కాదు. చెప్పడానికి ఉప్పు ఉంది, మురుకులు ఉన్నాయి, ఒక పూటకు సరిపడా ఉన్నాయి. చెబితే రంజిత ఇంట్లో ఈ రాత్రి పొయ్యి వెలగదు. చెప్పకపోతే ఈ బెంచీ మీద తాను ఒంటరి.

"వంకాయ పులుసు మా అత్తమ్మ చేసినట్టు ఈ వీధిలో ఎవరికీ రాదు అంటాది" అంది కాంచన.

చుక్కల మందుకు వజ్రమ్మ మొహం కాంచనకు నీళ్ళలో సున్నంలా అలుక్కుపోయి కనిపించింది. నమ్మిందో, లేచిపోతుందో తెలియలేదు.

"అబద్ధం" అంది వజ్రమ్మ. ఒళ్ళోని సంచి దించి బెంచీ కింద పెట్టింది. గొడుగు దాని పక్కన పెట్టింది. కాళ్ళు మడిచి బెంచీ మీదికి లాక్కుంది.

"అయినా బాగుంది. ఇంకొకటి చెప్పు."