ఇంజను వాటా

విడాకుల సంతకాలకు ముందే ఆస్తి సంగతి తేల్చుకోమంటే ద్వారకా నగర్‌లో లాయరు గదిలో కూర్చున్నాం. మా ఆయన నోరు విప్పడు, ఆయన తరఫున మా బావగారే మాట్లాడతారు. గిన్నెలూ గరిటెలూ నాకు ఇచ్చేయడంలో మాత్రం ఇద్దరిదీ పెద్ద చెయ్యే. మిగిలింది మా ఆయన పేరున ఉన్న చేపల బోటు.

"బోటులో నీకు వాటా ఏటమ్మా? ఏనాడైనా వేటకెల్లేవా?" అన్నారు బావగారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. హార్బరులో చేపలమ్మిన డబ్బు ఎలా పంచుతారో నాకు తెలియదా? బోటుకో వాటా, వలకో వాటా, ఇంజనుకో వాటా తీసి, మిగతాది వేటకెళ్ళిన కళాసీలకిస్తారు. ఇంజను ఏం వేటాడిందని?

"ఇంజను కొన్నది నా గాజులమ్మే కదా బావగారూ. దాని వాటా ఇన్నాళ్ళూ ఎవలు తిన్నారు?" అన్నాను.

బావగారు గడ్డం గోక్కుని లాయరు వైపు తిరిగారు. "అయితే ఇంజను ఇప్పించేత్తాం, పట్టుకెళ్ళిపొమ్మనండి."

అప్పుడు పలికాడు మా ఆయన, కంగారుగా. "ఇంజను లేపోతే బోటెలా నడుత్తాది అన్నియ్యా?"

నేను బట్టలు సర్దుకుని పుట్టింటికి వచ్చేసిన రోజున ఇల్లెలా నడుస్తుందని ఈ మనిషి ఎవరినీ అడగలేదు.