నిజాలు చెప్పిన మూడు వారాలు

నవంబరు వచ్చిందంటే జర్మనీలో మేముండే కార్ల్స్‌రూహెలో ఆకాశం అంట్లు కడిగిన నీళ్ళ రంగుకు తిరుగుతుంది. పొద్దున ఏడింటికీ చీకటే, సాయంత్రం ఐదు కాకముందే మళ్ళీ చీకటి. మధ్యలో ఉండేదాన్ని పగలనడానికి నాకు నోరు రాదు. ట్రామెక్కితే తడిసిన ఉన్నికోట్ల కంపు. ఆ ఏడు మాత్రం వీటన్నిటికన్నా నా గడ్డం, నా దుప్పటి, నా గొంతే నాకు ఎక్కువ రోత పుట్టించాయి. సెలవురోజుల్లో మధ్యాహ్నం దాకా మంచం దిగేవాణ్ణి కాదు. దిగితే రుచీపచీ తెలియకుండా రొట్టెలు మింగేవాణ్ణి.

కోతలు కోయడంలో నాకు కొంచెం పేరుంది. అడవిపంది తరిమితే దాని మీదే ఎక్కి ట్రాము స్టాపు దాకా వచ్చానని మా ఆఫీసులో తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఓ శనివారం నాతో పనిచేసే వరంగల్ ఆయన భోజనానికొచ్చి, "అన్నా, ఆ పంది ముచ్చట ఇంకోసారి చెప్పరాదే" అన్నాడు.

"పంది నన్ను చూడనే లేదు. పొదలో ఏదో కదిలింది, నేను ఇంటికొచ్చేశాను."

వడ్డిస్తున్న నా భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన వెళ్ళాక నెమ్మదిగా అంది: "మూడు వారాలైందండీ, మీరు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నాకు భయమేస్తోంది. డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు తీసుకుంటున్నా."

నిద్ర బాగా పడుతోందా అని డాక్టరమ్మ అడిగితే, బ్రహ్మాండమనబోయాను. ఆపాటి కోత కూడా నోటికి రాలేదు. ఉన్నదంతా చెప్పేశాను. ఇది బద్ధకం కాదు, వెలుతురు తగ్గితే చాలామందికి వచ్చే చలికాలపు డిప్రెషన్ అందావిడ. రోజూ పొద్దున్నే అరగంట ప్రత్యేకమైన దీపం ముందు కూర్చోమంది, మబ్బున్నా సరే మధ్యాహ్నం బయట నడవమంది. తగ్గకపోతే ఊరుకోకుండా మళ్ళీ రమ్మంది.

ఆ దీపం ముందు కోళ్ళఫారంలో కోడిపిల్లలా కూర్చునేవాణ్ణి. అసహ్యం. నడక ఇంకా అసహ్యం, బూట్ల నిండా కుళ్ళిన ఆకులు. అయినా మా ఆవిడ తలుపు దగ్గర కోటు పట్టుకుని నిలబడేది, వెళ్ళక తప్పేది కాదు.

మొదటి వారంలోనే ఆవిడ ఆ దీపం కింద ఓ పళ్ళెం చేర్చింది. సగ్గుబియ్యం వడియాలు. "డాక్టరే ఎండకు బదులన్నారుగా. ఇంత ఎండ మీ ఒక్కరి మొహానికెందుకు?"

ఆ దీపానికి వెలుగే గానీ వేడి లేదు. నాలుగోనాటికి వడియాలకు ఆకుపచ్చ బూజు పట్టింది. పులిసిన కంపు భరించలేక పళ్ళెం ఎత్తుకుని వంటింట్లోకి పరిగెత్తాను. కానీ చాన్నాళ్ళకు ఏదో ఒక పనికి పరిగెత్తానని ఆ తర్వాత తట్టింది.

మూడో వారంలో వరంగల్ ఆయన మళ్ళీ వచ్చాడు. దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పనిజేస్తుందా అన్నా?" అన్నాడు.

"పని చేయడమా? దీని కింద వడియాలు పెట్టాం తమ్ముడూ. గంటలో గలగలమన్నాయి. మూతపెట్టేలోపు వాటంతటవే లేచి నూనెలో దూకాయి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. బూజు పట్టిన పళ్ళేన్ని తోమి తోమి చేతులు పాడుచేసుకున్న మనిషి, గుమ్మంలోకొచ్చి నా వంక చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"ఒకటి ఎగిరి పక్కింటి బాల్కనీలో పడిందిగా," అంది. "అదీ చెప్పండి."