గల్తీ అయింది

నా దస్తూరి బాగుంటుంది. బడిలో మెచ్చుకున్నారు, ఇంట్లో మెచ్చుకున్నారు, చివరికి పోలీస్ స్టేషన్‌లో కూడా మెచ్చుకున్నారు. ఆ మూడో మెప్పు వల్ల ఒక మనిషి రెండేళ్లు జైల్లో ఉన్నాడు.

మా నాన్న పాతబస్తీలో ఒక చిన్న గుడికి అర్చకుడు. చార్మినార్‌కు నడిచి వెళ్లేంత దూరంలో మా ఇల్లు. ప్రతి ఏడూ బోనాల ముందు అమ్మవారి పట్టుచీరకు జరీ పని చేయించేవాళ్లం. ఆ పని చేసే ఆయన మా గల్లీ చివర ఉండే ముసల్మాను. నేను భాయ్ అనేదాన్ని. చీరను కారఖానాకు పంపితే మైలపడుతుందని నానమ్మ పట్టు, అందుకని ఆయనే చట్రం మోసుకొచ్చి మా అరుగు మీద కూర్చుని కుట్టేవాడు. ఆయన చేతికి లేని మైల ఆయన కారఖానాకు ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక ఏడాది ఆయన పని ముగించి వెళ్లిన మర్నాడు అమ్మ బంగారు గాజులు కనిపించలేదు. అమ్మ ఏడుపుకు గల్లీ అంతా గుమికూడింది. భాయ్‌ని పిలిపించారు. ఆయన వచ్చి, అమ్మ ముఖం చూసి చేతులు జోడించాడు.

"గల్తీ అయిందమ్మా, మాఫ్ చెయ్యి. ఫికర్ చెయ్యకు, అందరం కలిసి దేవులాడుదాం" అన్నాడు.

మా దగ్గర ఈ మాటకు పెద్ద బరువు లేదు. కాలు తగిలినా ఇదే మాట, బండి రాసుకున్నా ఇదే మాట. పెద్దవాళ్లు కోపంగా ఉంటే తప్పు ఎవరిదైనా సరే, ముందు గల్తీ అయిందనేస్తాం. కోపం దిగాక అసలు సంగతి మాట్లాడుకుంటాం. నేనూ రోజుకు పదిసార్లు అంటాను.

స్టేషన్‌లో ఫిర్యాదు నన్నే రాయమన్నారు. అప్పుడే డిగ్రీలో తెలుగు చదివి ఉన్నాను. "గల్తీ అయింది" అని రాస్తే కాగితం మీద బాగుండదనిపించింది. "తాను చేసిన తప్పును ఒప్పుకొని, క్షమించమని వేడుకున్నాడు" అని రాశాను. కలిసి దేవులాడుదామన్న మాట, అంటే వెతుకుదామన్న మాట, వదిలేశాను. వాక్యం పొడుగవుతుందని, అంతే.

అక్కడి రైటర్ చదివి, "మస్తు రాసినవు బిడ్డా, ముత్యాలు పేర్చినట్టున్నది" అన్నాడు. నేను పొంగిపోయాను.

కోర్టులో భాయ్ తరఫు వకీలు, "ఆయన సరిగ్గా ఏ మాట అన్నాడో చెప్పమ్మా" అని అడిగాడు. నా కోసమే తలుపు తెరిచి పెట్టాడు పాపం. కానీ ఎదురుగా నా సంతకం ఉన్న కాగితం ఉంది. దాన్ని కాదంటే నన్ను అబద్ధాలకోరు అంటారని భయపడ్డాను. "తప్పు చేశానని ఒప్పుకున్నాడు సార్" అన్నాను. భాయ్ నా వైపే చూస్తున్నాడు. శిక్ష పడింది. ఆ ఒక్క మాట చాలదని పైకోర్టు కొట్టేసేసరికి రెండేళ్లు గడిచిపోయాయి.

గాజులు దొరకలేదు. ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. ఏమో, ఆయనే తీశాడేమో అని నన్ను నేను ఓదార్చుకున్న రోజులూ ఉన్నాయి. సిగ్గులేని ఓదార్పు. కోర్టు వదిలినా గల్లీ ఆయన్ని వదల్లేదు. "మాఫీ అడిగిండు గదా" అనేవాళ్లు. గుడి పని మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. ఇల్లు ఖాళీ చేసి ఫలక్‌నుమా వైపు వెళ్లిపోయాడని తెలిసింది.

చాలా ఏళ్లు గడిచాక, ఈ మధ్యే, ఒక పరిశోధన కోసం ఇంటింటికీ తిరిగే పనిలో చేరాను. నేరాల గురించి, శిక్షల గురించి మామూలు జనం ఏమనుకుంటారో అడిగి రాసుకోవాలి. మొదటిరోజు ఫారం చేతికిచ్చారు. నాలుగో ప్రశ్న రెండుసార్లు చదివాను. 'దొంగతనం నేరం మోపగానే ఒక మనిషి క్షమించమని అడిగాడు. అతనే చేశాడని మీరనుకుంటారా?'

"చెయ్యకపోతే మాఫీ ఎందుకడుగుతడు?" అన్నాడు ఒక గాజుల దుకాణం ఆయన, క్షణం ఆలోచించకుండా. వెంటనే నాకు కుర్చీ లేదని చూసుకుని, "అరె, గల్తీ అయింది బేటీ, నిలబెట్టిన" అని లేచాడు. రోజూ ఇదే వరస. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత జవాబు రాసుకుని తల ఎత్తకుండా వచ్చేసేదాన్ని. పరిశోధన నడిపే మా సార్‌కు చెబితే ఆసక్తికరంగా ఉందని రాసుకున్నారు. ఆసక్తికరమట!

ఫలక్‌నుమాలో పని పడింది. వరుసలో ప్రతి ఏడో ఇంటికి వెళ్లాలని నియమం. రెండు గల్లీలు వాకబు చేసి, లెక్క తప్పించి, భాయ్ తలుపు కొట్టాను. ఆయన నోటితో మాఫ్ చేశాననిపించుకోవాలి, అదీ నా ఆశ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు.

తలుపు తీసినాయన జుట్టు నెరిసిపోయింది. ఇప్పుడు చెప్పుల కోసం రెగ్జిన్ కోస్తున్నాడు. గదిలో జరీ చట్రం ఎక్కడా లేదు. నన్ను గుర్తుపట్టాడు.

"అయ్యగారి బిడ్డవు గదా. లోపటికి రా చెల్లె."

మంచినీళ్లు ఇచ్చాడు. చెప్పాల్సింది చెప్పే ధైర్యం లేక ఫారం తెరిచాను. నాలుగో ప్రశ్న తల దించుకుని చదివాను. ఆయన రెగ్జిన్ ముక్క పక్కన పెట్టాడు.

"అందరు ఏమంటున్నరు?"

"అతనే చేసిండంటున్నరు భాయ్."

"నేను గూడ గంతే అంటా. రాసుకో. రాసినంక ఎవలు మారుస్తరు?"

కలం ఆగిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"భాయ్, గల్తీ అయింది. మాఫ్ చెయ్యి."

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"అయింది అనకు చెల్లె. వాన పడ్డట్టు, కరెంటు పోయినట్టు, దానంతటది అయిందా గది? నేను చేసిన అను."

"చేసిన" అన్నాను.

"గదే రాయి."

ఫారంలో అలాంటి దానికి చోటు లేదు. కాగితం వెనక్కి తిప్పాను. ఆ రోజు ఆయన అన్న మాటంతా, దేవులాడుదాం అన్నదాకా రాశాను. దాని కింద, నేను మార్చి రాసిన, కోర్టులో అబద్ధం చెప్పిన అని రాశాను. మాఫ్ చేశానని ఆయన అనలేదు. మళ్లీ అడగడానికి నాకు నోరు రాలేదు. కాగితం తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"దస్తూరి గట్లనే ఉన్నది" అన్నాడు.