పాయసం క్యానుతో చమురు యార్డు దాకా

మా బావమరిది శ్రీశైలానికి మౌలాలిలో పంపుల షెడ్డు ఉంది. బోర్లలో దించే సబ్‌మెర్సిబుల్ పంపులు చేస్తాడు. పంపు తయారైన ప్రతిసారీ నీళ్ల తొట్టిలో దించి, కొబ్బరికాయ కొట్టి, చుట్టాలందరినీ నిలబెట్టి స్విచ్ వేస్తాడు. నీళ్లు మూడో అంతస్తు దాటితే మేం చప్పట్లు కొట్టాలి. అదే పరీక్ష, అదే సర్టిఫికెట్. ఆ చప్పట్ల మత్తులోనే గోదావరి వైపు ఒక చమురు కంపెనీకి పంపులు చేసిస్తానని మాటిచ్చాడు. వాళ్ల యార్డులో నెగ్గితే ఆర్డరు, లేదంటే లేదు. పెద్దమనిషి ఈలోగానే షెడ్డు మీద ‘చమురు బావుల పంపులు’ అని బోర్డు రాయించేశాడు. మాటకారినని నన్ను వెంట తీసుకెళ్లాడు.

తెల్లవారుతూనే సికింద్రాబాద్‌లో రైలెక్కాం. ఈ దారిన వెళ్లదలచినవారు స్టేషన్ బయట ఇడ్లీ తినకండి. మూడు రోజులు ఆకలన్నది మీ దరిదాపులకు రాదు. మనిషి పొడవున్న పంపును మా ఆవిడ పాత చీరలో చుట్టి సీటు కింద తోశాం. టీసీ చూసి అడుగు వెనక్కి వేశాడు.

“పీనుగు కాద్సార్, పంపు,” అన్నాను. మా టికెట్లు అడగకుండానే పోయాడు.

ఆర్డరు ఖాయమైతే అక్కడివాళ్లకు పంచమని మా ఆవిడ స్టీలు క్యాను నిండా వేడి సేమ్యా పాయసం పోసిచ్చింది. ఖమ్మం దాటాక ఎదురు సీట్లోని ఏలూరు పెద్దావిడ పంపు సంగతి అడిగారు. అడిగాక ఊరుకుంటానా!

“అమ్మా, మల్కాజ్‌గిరిల ఒక పెండ్లికి మా పంపు బెల్లం పాకాన్ని మేడ మీదికి తోడింది. అండ్ల పడ్డ ఈగలు సుత పైకెళ్లి ఎగిరిపోయినయ్!”

“చల్లారిన పాకమేనాండీ?” అన్నారావిడ తాపీగా.

పాకానికి వేడేమిటి, చలువేమిటి! ఆవిడ తెలివికి జాలిపడి కిటికీలోంచి చూశాను.

మధ్యాహ్నం రాజమండ్రిలో దిగి, గోంగూర తప్ప గుర్తుంచుకోవలసిందేమీ లేని భోజనం చేసి, ఆటోలో యార్డు చేరాం. ఇంజనీరు సుజాతగారు పంపును చూశారు.

“దేంట్లో పరీక్షించారండీ?”

“నీళ్లల్ల మేడం. మూడంతస్తులు లేస్తది,” అన్నాడు శ్రీశైలం.

“నీళ్లే తోడేపనైతే మిమ్మల్నెందుకు పిలుస్తామండీ?”

ముడి చమురు తొట్టిలో పంపు దించారు. శ్రీశైలం కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లను ఆకాశానికి విసిరే పంపు ఆ చిక్కటి చమురును మా నడుమెత్తు లేపడానికి ఆపసోపాలు పడింది. మోటారు మూలిగింది. కరెంటు చూపే ముల్లు పైకి పాకింది. తరవాత ఆవిడ చమురులో కొంచెం నీళ్లు పోయించారు. పలచబడుతుందని మావాడు మురిశాడు. పంపు ఆ రెంటినీ చిలికి చిలికి వెన్నలా ఇంకా చిక్కన చేసింది. చివరికి కిందినుంచి గాలి బుడగలు వదిలారు. మూలుగు పోయి సన్నటి ఈల మొదలైంది.

“చూసినవా బావా, ఎంత హల్కగ, బరువే లేనట్టు తిరుగుతుందో!”

“తిరుగుతోంది సరేనండీ, చమురేదీ?”

గొట్టం మూతి నుంచి చుక్క రాలడం లేదు. బావిలో చమురుతోపాటు గ్యాసూ వస్తుందట. అది పంపులో నిండితే రెక్కలు దాన్నే తిప్పుతూ కూచుంటాయట. పక్కనుంచి పారే చమురే మోటారును చల్లబరచాలి కాబట్టి, అది ఆగితే మోటారు మాడిపోతుందట. ఆవిడే స్విచ్ ఆపేశారు.

“మేడం, రైల్ల దానికి సర్ది పట్టింది,” అన్నాను. నా మాటకు నవ్వని మొదటి మనిషిని రాజమండ్రిలో చూశాను.

“ఆర్డరివ్వలేమండీ. మా చమురుకు తగ్గట్టు చేసి తెండి, మళ్లీ చూద్దాం,” అన్నారు.

సాయంత్రం తిరుగు రైలెక్కాం. గోదావరి వంతెన మీద చల్లగాలి తప్ప ఈ యాత్రలో మెచ్చుకోదగ్గది లేదు. తీపి తిందామని శ్రీశైలం క్యాను వంచాడు. పాయసం కదల్లేదు. ఇంకా వంచాడు. ఊహూఁ.

“పొద్దుగాల నీళ్ల లెక్క జారె గదా బావా,” అన్నాడు. ఇన్నేళ్లుగా పంపును చూసి మురిసినవాడు, అందులోకి వచ్చేదాని గురించి మొదటిసారి ఆలోచిస్తున్నాడు. ఖమ్మం దాటాక, “తొట్టిల నీళ్లు పారబోస్త. రేపటి సంది గంజి పోస్త. బోర్డు తుడిపిస్త,” అన్నాడు.

“చుట్టాలను పిలుస్తవా?”

“వద్దు. గని బావా, ఆ పెండ్లిల పాకం తోడిన పంపు ఏ ఇంట్ల ఉంది? జెర చూపెట్టు. ఒక్కసారి ఇప్పి చూస్త.”

ఎగతాళేమోనని మొహంలోకి చూశాను. కాదు. పాపం, నిజంగానే అడుగుతున్నాడు. గడ్డకట్టిన పాయసం చెంచాతో పెళ్లగించి నోటినిండా పెట్టుకున్నాను. అది కరిగేసరికి వరంగల్ దాటాం.