మంచం మీద నుంచి బిగించిన యాక్సిల్

2022 ఎండాకాలం. బేతంచెర్ల దగ్గర రోడ్డు పక్కన నా రేకుల షెడ్డు, దాని వెనకే ఇల్లు. జీపులు, ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లు రిపేరు చేస్తాను. చుట్టూ నాపరాతి గనులు. వాటికి పోయే దారులు బండ్లను ఊరికే ఉండనివ్వవు కాబట్టి నాకు పనికి కొదవ లేదు.

హుసేనప్ప, మద్దిలమ్మ భార్యాభర్తలు. గుట్ట మీది గనిలో పనిచేసేవాళ్ళకు పికప్‌లో తాగునీళ్ళు తోలతారు. ఆయన నడుపుతాడు, ఆమె పక్కన కూర్చుని పోయి పైన పైపు పట్టి బిందెలు నింపుతుంది. ఆ బండికి ఫ్రంట్ యాక్సిల్‌తోనే ఎప్పుడూ గొడవ. ముందు చక్రాలు రెండింటి మధ్య దూలంలా ఉండి బండి బరువు మోసేది యాక్సిల్. ఇంజిను బలాన్ని ఆ చక్రాలకు అందించే షాఫ్టులు కూడా దాని లోపలే తిరుగుతాయి. నీళ్ళ బరువుకు షాఫ్టు ఒకసారి విరిగితే మార్చాను. మళ్ళీ విరిగినప్పుడు బండి గుట్ట దిగుతూ ఉంది. పక్కన బండరాయి అడ్డం పడబట్టి ఇద్దరూ బతికారు.

ఇక అతుకులతో లాభం లేదు, పెద్ద బండి యాక్సిల్ వేద్దామన్నాను. కడప పాత సామాన్ల యార్డులో ఒకటి దొరికింది. గేర్ రేషియో, అంటే లోపలి పళ్ళ చక్రాల లెక్క, వెనక యాక్సిల్‌తో సరిపోయింది. అది సరిపోకపోతే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదానితో ఒకటి పోట్లాడి గేర్లను నమిలేస్తాయి. పాత యాక్సిల్ ఊడదీసి బండిని స్టాండ్ల మీద నిలబెట్టాను. కొత్తదాన్ని జరపబోయి వంగినప్పుడు నడుములో ఏదో పట్టేసింది. అక్కడే కూలబడ్డాను.

కర్నూలు డాక్టరు డిస్క్ జారిందన్నాడు. మంచం దిగొద్దు, బరువు ముట్టుకోవద్దు అన్నాడు. నేను ఒంటిగా పనిచేసేవాణ్ణి. సగం విప్పిన బండిని చుట్టుపక్కల ఇంకో మెకానిక్ ముట్టుకోడు. గని వాళ్ళు ట్రాక్టరులో గుట్ట కిందికి నీళ్ళు తెప్పించుకుని, అక్కడి నుంచి ఎండలో బిందెలతో మోసుకుంటున్నారని విన్నాను. హుసేనప్పను పిలిపించి, బండిని లారీ మీద కర్నూలు గ్యారేజీకి తీసుకుపొమ్మన్నాను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ వచ్చారు. నా భార్యతో ఏదో మాట్లాడి, నన్ను లేపి, మంచాన్ని షెడ్డులోకి చేర్చారు.

“నువ్వు పండుకోని చెప్పు బాషన్నా. మేము చేస్తాం” అన్నాడు హుసేనప్ప.

నాకు నమ్మకం కలగలేదు. వాళ్ళ మీద కాదు, నా మీద. మా ఉస్తాద్ నోరు తెరిచి ఏదీ చెప్పేవాడు కాదు, నేను చూసి నేర్చుకున్నాను. చేతికి తెలిసిందంతా చేతిలోనే ఉండిపోయింది. చక్రం పక్కకు తిరిగేచోట కింగ్‌పిన్ అనే ఇరుసు ఉంటుంది. దాని బేరింగ్ మరీ బిగుతుగానూ ఉండకూడదు, వదులుగానూ ఉండకూడదు. ఎంత బిగించాలో మద్దిలమ్మ అడిగింది. తిప్పితే తిరగాల, వదిలితే ఆడనే నిలబడాల అన్నాను.

ఆమె చేత్తో గాలిలో తిప్పి చూపిస్తూ, “సంగటి దగ్గర పడేటప్పుడు తెడ్డు తిరిగినట్లా?” అంది.

సరిగ్గా అంతే.

అలా రోజూ వచ్చారు. పక్క షెడ్డు వెల్డరు వచ్చి, కుదుపులు ఆపే కమాను పట్టీలు కూర్చునే దిమ్మెలను కొత్త యాక్సిల్‌కు అతికించిపోయాడు. చక్రాలు ఎక్కించి, హుసేనప్ప ఖాళీ బండిని రోడ్డు మీదికి తీశాడు. తిరిగొచ్చాక దిగకుండా అలాగే కూర్చున్నాడు. స్టీరింగ్ చేతిలో వణుకుతా ఉండాదని చెప్పాడు.

నాకు వెంటనే అర్థమైంది. కింగ్‌పిన్ పైకొస కొంచెం బండి వెనక వైపుకు వాలి ఉండాలి. దాన్ని కాస్టర్ అంటాం, చక్రం తిన్నగా నడిచేది దానివల్లే. దిమ్మెలు అతికించే ముందు యాక్సిల్‌ను నేను వెనక్కి వాల్చమన్నాను. వాళ్ళు బంపరు ముందు, బండి వైపు తిరిగి నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక్కి వాల్చారు. అది బండికి ముందు వైపు. చెప్పింది నేను, చేసింది వాళ్ళు, తప్పు ఆ ఒక్క మాటది. ఇప్పుడు అంతా విప్పి, వెల్డింగ్ కోసి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ సంగతి చెబుతుంటే వాళ్ళ ముఖాలు చూడలేక పైరేకుల వైపు చూశాను.

హుసేనప్ప బండి దిగి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

“గుట్ట దిగేటప్పుడు నా పక్కన ఈయమ్మ కూసోనుంటాదన్నా. మళ్ళా ఇప్పుదాం” అన్నాడు.

ఒక్క విసుగు మాట లేదు. మద్దిలమ్మ అప్పటికే స్పానర్లు తీస్తోంది. ఆ తర్వాత మేం ముందు, వెనక అనే మాటలు మానేసి బంపరు వైపు, డోరు వైపు అని చెప్పుకున్నాం. ఈసారి బండి చెయ్యి వదిలినా తిన్నగా నడిచింది.

నీళ్ళతో మొదటిసారి గుట్ట ఎక్కిన రోజు నేను మంచం మీదే ఉన్నాను. పొద్దుటి నుంచి తిండి సహించలేదు. మధ్యాహ్నం మద్దిలమ్మ ఫోను చేసింది. ఫోను పైపు దగ్గర పట్టుకుంది. బిందెలో నీళ్ళు పడుతున్న చప్పుడు, చుట్టూ ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. కాసేపటికి, “బాగుండాది బాషన్నా. దిగినాక మళ్ళా చేస్తా” అంది. సాయంత్రం క్షేమంగా దిగామని చేసింది. అప్పుడు అన్నం తిన్నాను.

నా నడుము మునుపటిలా కాలేదు. ఇప్పటికీ బరువు ఎత్తలేను. ఆ ఎండాకాలం ముందైతే షెడ్డు మూసేసేవాణ్ణే. మెకానిక్ అంటే చేతులే అనుకునేవాణ్ణి మరి. ఇప్పుడు ఇద్దరు కుర్రవాళ్ళు నా దగ్గర పని నేర్చుకుంటూ చేస్తున్నారు. నేను కుర్చీలో కూర్చుని చెబుతాను. అర్థం కాలేదంటే ఇంకో మాట వెతుకుతాను. చెప్పగలనని నాకు తెలియకముందే నా మాట మీద భరోసా పెట్టి బండి కింద దూరినవాళ్ళు హుసేనప్ప, మద్దిలమ్మ. వాళ్ళ దయవల్ల నా షెడ్డు ఈరోజూ తెరిచే ఉంది.