తలుపుకు అడ్డం బూటు

హోసూరు దగ్గర మేం ఆడే పెయింట్‌బాల్ లీగులో, ఆటగాళ్ళ తరఫున కమిటీలో కూర్చునే మనిషి ఒకాయన ఉండేవాడు. మూకండపల్లిలో లేత్ మెషిన్ మీద పని. మీటింగుకు రాగానే కుడికాలి బూటు విప్పి, దానంతట అదే మూసుకునే ఆ గది తలుపుకు అడ్డం పెట్టేవాడు.

"ఈడ మాట్లాడేది వరండాలో ఉండే మనోళ్ళకి వినపడల్లప్పా" అనేవాడు.

ఏసీ చల్లదనమంతా బయటికి పోతోందని నిర్వాహకులు విసుక్కునేవారు. మీటింగులో కూర్చునే జట్ల కెప్టెన్లం, మాకూ అది చాదస్తంగానే తోచేది.

ఒకసారి ఫిర్యాదు ఆయన మీదే వచ్చింది. మా ఆటలో రంగు గుండు తగిలినవాడు వెంటనే బయటికి వచ్చేయాలి. ఈయన జవళగిరి జట్టు మీద ఆడుతూ, మోచేతి మీద పడ్డ మరకను తుడిచేసుకుని ఆట సాగించాడట.

"ఈపొద్దు వాకిలి మూసేద్దామప్పా, నీ మర్యాద కోసమే చెప్తా ఉండాను" అన్నాడు కార్యదర్శి.

ఆయన అప్పటికే బూటు విప్పుతున్నాడు. దాన్ని తలుపు కింద పెట్టి, వరండాలోని వాళ్ళందరికీ వినబడేలా చెప్పాడు: "తుడిచింది నిజమే. గెలిచే ఆట వదల్లేకపోయినాను."

ఏడాది నిషేధించారు. కమిటీలో చోటూ పోయింది. ఆయన బూటు తీసుకుని తొడుక్కున్నాడు, నిదానంగా లేసు కట్టుకున్నాడు, వెళ్ళిపోయాడు. వెనకే తలుపు మూసుకుంది.

ఆయన చోట ఎవరుండాలో ఆ గదిలోనే తేల్చేశారు. బయట ఉన్నవాళ్ళను ఒక్క మాట అడగలేదు. నా పేరే ఖాయం చేశారు.

నేను లేచి తలుపు తెరవలేదు.